టాపెట్ చప్పుడు: వదులు కన్నా బిగువే ముప్పు

ప్రశ్న: మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల మండలం. నా స్ప్లెండర్ ఇంజన్ పైభాగంలో టిక్ టిక్ మంటోంది. మంచి మెకానిక్ కావాలంటే భద్రాచలం పోవాలి. ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చండీ. ముందు బండిని నిటారుగా నిలబెట్టి ఆయిల్ చూడండి. ఆయిల్ తగ్గినా ఇదే చప్పుడు వస్తుంది. తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్ మొన టాపెట్ మూతకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టి వినండి. చప్పుడు అక్కడే గట్టిగా వినిపిస్తే అది టాపెట్‌దే. ఎడమ పక్క గరగరమంటే టైమింగ్ చైన్‌ను అనుమానించాలి.

సర్దుబాటుకు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన బండికి తెల్లవారి చేయడం మేలు. అడవి దారి దుమ్ము లోపల పడకుండా మూతల చుట్టూ శుభ్రంగా తుడవండి. ప్లగ్, టాపెట్ మూతలు తీసి, మాగ్నెట్‌ను తిప్పి 'టీ' గుర్తును కేసు మీది గీతకు కలపండి. రెండు రాకర్లూ కొద్దిగా కదలాలి. కదలకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి.

మీ మోడల్ పుస్తకంలో ఉన్న కొలత గల ఫీలర్ గేజ్ రేకును రాకర్ స్క్రూకూ వాల్వ్‌కూ మధ్య సందులో పెట్టండి. కొత్త నోట్ల కట్టలోంచి నోటు లాగినట్టు కాస్త పట్టుగా జారాలి. అలా జారకపోతే లాక్ నట్ వదులు చేసి, స్క్రూ తిప్పి సరిచేయండి. లాక్ నట్ బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో సందు మారుతుంది.

చప్పుడు పూర్తిగా పోవాలని మాత్రం బిగించొద్దు. వాల్వ్ సరిగా మూసుకోకపోతే కంప్రెషన్ పడిపోతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది. సన్నని టిక్ టిక్ ఆరోగ్యమే.