డాబా మీద నుంచి గొల్లకావిడి

ప్రశ్న: మాది పి.గన్నవరం. డాబా మీద ఫోన్‌ను స్టాండుకు బిగించి 30 సెకన్ల ఎక్స్‌పోజర్ పెడితే ఆకాశం తెల్లగా వెలిసిపోతోంది, చుక్కలు గీతల్లా సాగుతున్నాయి. ఊరు దాటి వెళ్లాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. చుక్కలు సాగడం ఫోన్ తప్పు కాదు, భూమి తిరుగుడు. ప్రో మోడ్‌లో 8 సెకన్లకు తగ్గించి, టైమర్ పెట్టి, ఒకే చోట వరుసగా 60 ఫొటోలు తీయండి. సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లో వాటిని ఒకదానిపై ఒకటి పేర్చితే బరక దాదాపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. చలికాలంలో గొల్లకావిడి మూడు చుక్కలతో మొదలుపెట్టండి. వాటి కింద పొగమరకలా కనబడేది సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలోని నెబ్యులా.

తెల్లదనానికి వీధి లైట్లు సగం కారణం. మిగతా సగం మన గోదారి గాలి. వైనతేయ, కాలవలు, వరిచేలు ఇచ్చే తేమ ఆ వెలుతురును ఆకాశమంతా పూసేస్తుంది. లైటుకు వాటర్ ట్యాంకు అడ్డం వచ్చేలా నిలబడండి. అరగంటకోసారి లెన్సు చూడండి, మంచు పట్టి ఉంటుంది. మెత్తటి నూలుగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. ఏసీ గదిలోంచి తెచ్చిన ఫోన్‌కైతే వెంటనే చెమ్మ పడుతుంది.

మీకున్న వరం దక్షిణం. అటు సముద్రమే కాబట్టి దూరాన పెద్ద ఊళ్ల వెలుగు లేదు. మే నెలలో రాత్రి పది ప్రాంతంలో కొబ్బరి మట్టల సందున, దిగంతానికి 26 డిగ్రీల ఎత్తున ఒమెగా సెంటారీ తారాగుచ్ఛం ఉంటుంది. లండన్‌వాళ్లకు అది ఎప్పటికీ ఉదయించదు.