ఐదు చోట్లు వద్దు, మూడు చాలు

పాల్వంచ



నువ్వు పంపిన ప్లాన్ చూశాను. నాలుగు రోజుల్లో కిన్నెరసాని, భద్రాచలం, పాపికొండలు, మారేడుమిల్లి, అక్కణ్నుంచి బస్తర్‌లోని కాంగేర్ ఘాటీ నేషనల్ పార్కు. పైగా రోజుకో చోట టెంటు. కారు నడిపేది నువ్వొక్కడివే. వెనక సీట్లో ఎనిమిదేళ్ల పిల్లాడు, నాలుగేళ్ల బుడ్డది. ఇందులో రెండు తీసెయ్యి నాన్నా. కాంగేర్ ఘాటీ గొప్ప అడవే. తీరథ్‌గఢ్ జలపాతం, కుటుంసర్ గుహ తప్పక చూడాల్సినవే. కానీ భద్రాచలం నుంచి చింతూరు, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ చేరడానికే ఒక రోజు పోతుంది. దానికి వేరే సెలవులు పెట్టుకో.

టెంటు సంగతి. మీ అన్న అమెరికాలో ఎల్లోస్టోన్ వెళ్లి పెట్టిన ఫొటోలు చూసి పిల్లలు అడుగుతున్నారని కోడలు చెప్పింది. 1872లో పెట్టిన పార్కు అది. గుడారాలకు లోపలే స్థలాలు కేటాయించి, నంబర్లు వేసి ఇస్తారు. మన దగ్గర అడవి చూడగానే కారు ఆపి టెంటు వేస్తామంటే కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యం లోపలికి పోకూడదు, నిప్పు రాజేయకూడదు. మెయిన్ రోడ్డు మీద దాటిపోవడం వేరు. టెంటు తప్పదని పిల్లలు పట్టుబడితే, మారేడుమిల్లిలో అటవీశాఖ అక్కడి గిరిజనులతో కలిసి నడిపే చోటు ఉంది, ముందే మాట్లాడుకుని అక్కడ ఉండండి. అప్పుడు పాపికొండలు మానుకోవాలి. నన్నడిగితే బుడ్డది ఇంకాస్త పెద్దదయ్యేదాకా మారేడుమిల్లి ఘాట్ ఆపు. చింతూరు నుంచి ఎక్కే ఆ మలుపులకు పెద్దవాళ్లకే కడుపులో తిప్పుతుంది.

అనుమతుల విషయంలో ఇంకో చిక్కుంది. మనం చిన్నప్పటి నుంచి ఖమ్మం జిల్లా అనుకున్న కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం 2014లో ఆంధ్రలో కలిశాయి. భద్రాచలం ఊరు మటుకు తెలంగాణలో ఉంది, శివారు దాటితే ఎటపాక ఆంధ్ర. కాబట్టి కిన్నెరసానికి ఇక్కడి అటవీశాఖను అడగాలి, పాపికొండలకు అక్కడివాళ్లను. ఒకరిచ్చిన కాగితం ఇంకొకరికి చెల్లదు. ఆధార్ కార్డులు చేతికందేలా పెట్టుకో, దారిలో ఆపి అడగొచ్చు.

రావడానికి డిసెంబరు గానీ, సంక్రాంతి రద్దీ తగ్గాక జనవరి చివర గానీ పెట్టుకో. శ్రీరామనవమికి, ముక్కోటికి భద్రాచలంలో గది దొరకదు. వానాకాలం మాట ఎత్తకు. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 53కు మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. అంతదాకా పోనక్కర్లేదు, కూనవరం దగ్గర శబరి ఎగదన్నితే చాలు, రోడ్లు మునిగిపోతాయి.

మొదటి రోజు హైదరాబాద్‌లో తెల్లవారుజామునే బయల్దేరి పాల్వంచ వచ్చేయండి. ఖమ్మం దాటాక బొగ్గు టిప్పర్లు, సారపాక పేపరు మిల్లుకు పోయే జామాయిల్ లారీలు తగులుతాయి. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద పిల్లలతో వద్దు. దారిలో వరసలు వరసలుగా జామాయిల్ తోటలు కనిపిస్తే పిల్లాడు అడవి వచ్చిందంటాడు. కారు ఆపి చూపించు, అన్నీ ఒకే చెట్టు, కింద పొద లేదు, పిట్ట కూత తక్కువ. మర్నాడు కిన్నెరసాని అడవిలో టేకు, ఇప్ప, తునికి, వెదురు కలగలిసి ఉండటం చూశాక వాడికే తేడా తెలుస్తుంది.

కిన్నెరసానికి పొద్దున్నే వెళ్లాలి. 1977లో ప్రకటించిన అభయారణ్యం, 635 చదరపు కిలోమీటర్లు. పులి కనిపిస్తుందని పిల్లలకు ఆశ పెట్టకు. కనిపించకపోతే అడవి మొత్తం వాళ్లకు చప్పగా అయిపోతుంది. దానికి బదులు దుమ్ములో అడుగులు చదవడం నేర్పు. రెండుగా చీలిన గిట్ట గుర్తుంటే దుప్పి గానీ కణితి గానీ కావచ్చు. అరికాలి ముందు నాలుగు వేళ్లుండి గోళ్ల గుర్తులు పడితే కుక్కో నక్కో, గోళ్లు పడకపోతే పిల్లి జాతి, ఎందుకంటే అవి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. పుట్టను ఎవరో తవ్వి పోసినట్టుంటే అది ఎలుగుబంటి చెదల కోసం చేసిన పని కావచ్చు. అలాంటిచోట ఇంకా లోపలికి పోకండి, వెనక్కి తిరగండి. మార్చి, ఏప్రిల్లో ఇప్పపూలు రాలే వేళ ఎలుగులు చెట్ల కిందికే వస్తాయి. అందుకే పూలు ఏరుకోవడానికి తెల్లారుజామున వెళ్లే కోయ ఆడవాళ్లు గుంపుగా వెళతారు. రిజర్వాయరులో మొసళ్లున్నాయి, పిల్లల్ని నీటి అంచుకు దిగనివ్వకు.

మధ్యాహ్నానికి భద్రాచలం చేరి, ఆ రాత్రీ మర్నాటి రాత్రీ అక్కడే ఉండండి. రోజూ సామాను సర్దుకునే బాధ కోడలికి తప్పుతుంది. మూడో రోజు పాపికొండలు. 2008 నుంచి అది నేషనల్ పార్కు. పోచవరం రేవుకు కారులో రెండు గంటల పైనే పడుతుంది, ట్యాంకు భద్రాచలంలోనే నింపుకో. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద నీటిలో బోటు మునిగి ఎంతమంది పోయారో నీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు నీళ్లు ఎక్కువగా ఉన్నాయంటే వెనక్కి వచ్చేయండి, టిక్కెట్టు డబ్బులు పోతే పోనీ. పెద్దవాళ్ల లైఫ్ జాకెట్టు బుడ్డదానికి వేస్తే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది. దాని బరువుకు సరిపోయేది హైదరాబాద్‌లోనే కొని తెచ్చుకో. ఈ ఒక్కదానిలో మటుకు బేరం ఆలోచించకు.

పేరంటాలపల్లిలో బోటు ఆపుతారు. కొండరెడ్ల ఊరు అది. ఇళ్లలోకి తొంగి చూడటం, అడగకుండా ఫొటోలు తీయడం పిల్లలకు ముందే వద్దని చెప్పు. వెదురుతో చేసిన వస్తువులు అమ్ముతారు, చెప్పిన ధర ఇచ్చి కొనండి. పోలవరం ప్రాజెక్టు నీళ్లకు గోదారి ఒడ్డున ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. పెద్దవాడికి ఆ సంగతి అర్థమయ్యే వయసే, దాచకు.

ఇంకొకటి, ఇది కోడలికి కూడా చదివి వినిపించు. ఏజెన్సీలో మలేరియా ఎప్పటి నుంచో ఉంది. దోమతెర తెచ్చుకోండి, సాయంత్రం నుంచి పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేయండి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లోనే కాదు, ఆ తరవాతైనా ఎవరికి జ్వరం తగిలినా మామూలు జ్వరమని మాత్ర వేసి ఊరుకోవద్దు. ఫలానా చోటికి వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.

తేదీలు ఖాయం చేసి రాయి. కిన్నెరసానికి నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ