ఆకాశంలో మౌనభాష

1932 అక్టోబరు 15వ తేదీ. కరాచీ నుంచి ఒక చిన్న విమానం గాలిలోకి లేచింది. దాని పేరు పుస్ మాత్. దానికి ఒకే ఇంజను. అందులో చోదకుడు తప్ప వేరే మనిషి లేడు. ఉన్నవి ఉత్తరాల సంచులు. దానిని నడుపుతున్నది ఇరవై ఎనిమిదేళ్ళ జె.ఆర్.డి. టాటా. 1929లో మన దేశంలో మొట్టమొదటి విమానచోదక లైసెన్సు పొందినది ఆయనే. ఆయన అహమ్మదాబాదులో ఆగి, ఇంధనం నింపుకొని, ఆనాటి మధ్యాహ్నం బొంబాయిలోని జుహూలో దిగారు. అక్కడి నుంచి ఆయన సహచరుడు నెవిల్ వింట్‌సెంట్ ఆ ఉత్తరాలను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చారు.

టాటా నడిపిన ఆ విమానంలో రేడియో లేదు. దారి తెలుసుకోవడానికి ఉన్నవి ఒక పటం, ఒక దిక్సూచి, కింద కనిపించే నేల ఆనవాళ్ళు మాత్రమే. అయినా ప్రయాణం సాగింది. ఎందుకంటే ఆనాడు ఆకాశం దాదాపు ఖాళీగా ఉండేది. ఎదురు వచ్చే విమానం అరుదు.

నేడు పరిస్థితి వేరు. పెద్ద విమానాశ్రయాలలో ఒకదాని వెనుక ఒకటిగా విమానాలు దిగుతూ, లేస్తూ ఉంటాయి. ఏది ముందు దిగాలి, ఏది ఆగాలి అన్నది కంట్రోల్ టవర్‌లోని అధికారులు నిర్ణయిస్తారు. చుట్టూ అద్దాలున్న ఎత్తయిన గోపురంలో కూర్చుని వారు ప్రతి చోదకునితోనూ రేడియోలో మాట్లాడుతుంటారు. చోదకుడు ఆ మాట విని, తిరిగి చెప్పి, ఆ ప్రకారం నడుచుకుంటాడు. మరి గాలిలో ఉండగా ఆ రేడియో పని చేయకపోతే?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక యువతి విమానచోదనంలో శిక్షణ పొందుతున్నది. రెండు సీట్ల చిన్న విమానంలో ఒంటరిగా ఒక ఊరి నుంచి మరొక ఊరికి వస్తున్నది. ఆకాశం నిర్మలంగా ఉన్నది. ఇంకా రెండు గంటలకు సరిపడా ఇంధనం ఉన్నది. చేరవలసిన విమానాశ్రయం పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఆమె టవరును పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. చెవులలో చిన్న గరగర శబ్దమైనా లేదు. అంతటా నిశ్శబ్దం.

ఆమె గుండె ఝల్లుమన్నది. చేతులు రేడియో మీదికి పోబోయాయి. అంతలో శిక్షకుడు ఎన్నోసార్లు చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. "ముందు విమానం నడుపమ్మా. తరువాత దారి చూసుకో. మాటలు ఆ తరువాతే."

ఈ మాట వెనుక ఎందరో ప్రాణాలు పోగొట్టుకొని నేర్పిన పాఠం ఉన్నది. 1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలోని మయామీ నగరం దగ్గర ఒక పెద్ద విమానం దిగబోతున్నది. ముందు చక్రం దిగినట్లు తెలిపే చిన్న దీపం వెలగలేదు. సిబ్బంది దృష్టి అంతా ఆ దీపం మీదికి మళ్ళింది. విమానం మెల్లగా కిందికి జారుతున్న సంగతిని ఎవరూ గమనించలేదు. చివరకు అది చిత్తడి నేలలో కూలి, 101 మంది మరణించారు. చెడిపోయింది ఒక చిన్న దీపమే. ప్రాణాలు తీసింది మాత్రం పరధ్యానం.

అందుకే ఆ యువతి ముందుగా విమానం ఎత్తును, వేగాన్ని, దిశను సరిచూసుకున్నది. చుట్టూ వేరే విమానాలున్నాయేమో చూసింది. ఆ తరువాతే రేడియోను పరిశీలించింది. శబ్దం తగ్గి ఉన్నదా? సరైన ఫ్రీక్వెన్సీయే పెట్టిందా? చెవులకు పెట్టుకున్న హెడ్‌సెట్ తీగ ఊడిందా? మాట్లాడే మీట నొక్కుకుపోయిందా? మీట అలా ఇరుక్కుపోతే ఆమెకు ఏమీ వినబడదు; పైగా ఆ ఫ్రీక్వెన్సీలో మిగతావారి మాటలకు కూడా అడ్డు తగులుతుంది. ఇంతకుముందు మాట్లాడిన ఫ్రీక్వెన్సీలోనూ, 121.5 మెగాహెర్ట్జుల అత్యవసర ఫ్రీక్వెన్సీలోనూ పిలిచి చూసింది. ఫలితం లేదు.

విమానాల రేడియో తరంగాలు వెలుగు కిరణాల వలె దాదాపు నేరుగా పోతాయి. అడ్డంగా కొండ ఉన్నా, విమానం మరీ కిందుగా ఎగురుతున్నా అవి అందవు. అలాంటప్పుడు కొంచెం పైకి పోతే మాట మళ్ళీ వినబడవచ్చు. కాని ఇక్కడ కొండలు లేవు. లోపం రేడియోలోనే ఉన్నదని ఆమెకు అర్థమైంది.

ఇంజను మాత్రం నిశ్చింతగా తిరుగుతూనే ఉన్నది. ఇటువంటి చిన్న విమానాల ఇంజనుకు నిప్పురవ్వను ఇచ్చేది మాగ్నెటో అనే పరికరం. ఇంజను తిరుగుతున్నంతసేపు అది తన విద్యుత్తును తానే పుట్టించుకుంటుంది. కనుక బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా ఇంజను ఆగదు. ఎత్తును, వేగాన్ని చూపే ముఖ్యమైన పరికరాలు గాలి ఒత్తిడితో పని చేస్తాయి. దిక్సూచికి కరెంటు అక్కరలేదు. అంటే రేడియో పోయినా విమానం విమానంగానే ఉంటుంది. పోయింది మాట ఒక్కటే.

మాట పోయినవేళ ఏమి చేయాలో ముందే రాసిపెట్టి ఉన్నది. 1944లో చికాగో నగరంలో కుదిరిన ఒప్పందం ఫలితంగా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏర్పడింది. దాని నియమాలు ఇలా చెబుతాయి: దారి స్పష్టంగా కనిపించే వాతావరణంలో ఎగురుతున్న చోదకుడు ఆ వాతావరణంలోనే కొనసాగాలి. మబ్బులలోకి పోరాదు. దగ్గరలో ఉన్న అనువైన విమానాశ్రయంలో దిగాలి. దిగిన సంగతిని వీలైనంత త్వరగా అధికారులకు తెలపాలి. ఆ కబురు అందకపోతే విమానం తప్పిపోయిందనుకొని వెదకడం మొదలవుతుంది.

ఆమె విమానంలో ట్రాన్స్‌పాండర్ అనే మరొక పరికరం ఉన్నది. నేల మీది రాడారుకు అది నాలుగంకెల సంఖ్యతో జవాబిస్తుంది. ఆమె అందులో 7600 అని పెట్టింది. ఏ దేశంలోనైనా ఈ సంఖ్యకు అర్థం ఒక్కటే: 'నా రేడియో పని చేయడం లేదు.' ఇంకేదైనా ప్రమాదం ముంచుకొస్తే 7700 పెట్టాలి. తనకు వినబడకపోయినా తన మాట టవరుకు వినబడుతున్నదేమోనని, తానెక్కడ ఉన్నదీ, ఏమి చేయబోతున్నదీ రెండేసిసార్లు చెప్పింది.

తరువాత ఆమె విమానాశ్రయం వైపు వచ్చింది. ఎలా పడితే అలా దూసుకురాలేదు. దిగే విమానాలు రన్‌వే పక్కగా నిర్ణీతమైన ఎత్తులో నలుచదరంగా తిరిగి వచ్చే దారి ఒకటి ఉంటుంది. దానిని సర్క్యూట్ అంటారు. గాలి ఎటు వీస్తున్నదో గాలిసంచిని చూసి తెలుసుకున్నది. మిగతా విమానాలను గమనిస్తూ, వాటి వరుసకు అడ్డు రాకుండా సర్క్యూట్‌లో చేరింది. చూపును టవరు మీద నిలిపింది.

టవరులోని అధికారికి రాడారు మీద 7600 కనిపించింది. ఆమె ఏ దారిన వస్తుందో ఆయన ముందుగానే ఊహించగలిగాడు. ఎందుకంటే ఆమె చదివిన నియమాలనే ఆయనా చదివాడు. ఆయన ఒక ప్రత్యేక దీపాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తుపాకివలె గురిపెట్టి, ఒక్క విమానానికే కనిపించేలా రంగు వెలుగును పంపే దీపమది. గాలిలో ఉన్న విమానానికి దాని భాష ఇది:

నిలకడగా వెలిగే ఆకుపచ్చ – దిగవచ్చు.
నిలకడగా వెలిగే ఎరుపు – ఇతరులకు దారి ఇచ్చి, తిరుగుతూ ఉండండి.
ఆరి వెలిగే ఆకుపచ్చ – దిగడానికి తిరిగి రండి.
ఆరి వెలిగే ఎరుపు – విమానాశ్రయం క్షేమకరంగా లేదు, దిగవద్దు.
ఆరి వెలిగే తెలుపు – ఈ విమానాశ్రయంలోనే దిగి, విమానాలు నిలిపే చోటికి రండి.

టవరు నుంచి వెలుగు వచ్చింది. అది ఎరుపు. ఆరకుండా వెలుగుతున్నది.

ఆమెకు రన్‌వే ఎదురుగానే కనబడుతున్నది. దిగిపోతే గండం గడిచినట్లే అనిపించింది. కాని ఆమె తొందరపడలేదు. రెక్కలను అటూ ఇటూ ఊపింది. 'చూశాను' అని పగటిపూట చెప్పే తీరు అది. రాత్రివేళ అయితే దిగేటప్పుడు వాడే దీపాలను రెండుసార్లు వెలిగించి ఆర్పాలి. ఆమె మరొక చుట్టు తిరిగింది. అంతలో ప్రయాణికులతో నిండిన పెద్ద విమానం ఒకటి వచ్చి రన్‌వే మీద దిగి, పక్కకు తప్పుకున్నది. ఆ ఎరుపు ఎందుకో ఆమెకు అప్పుడు తెలిసింది.

రెండవసారి టవరు వైపు చూసేసరికి నిలకడగా ఆకుపచ్చ వెలిగింది. ఆమె మళ్ళీ రెక్కలు ఊపి, క్షేమంగా దిగింది. నేల మీద ఆరి వెలిగే ఆకుపచ్చ వెలుగు చూపగానే విమానాన్ని నిలిపే చోటికి నడిపించుకొని పోయింది. వెంటనే టవరుకు ఫోను చేసి తన రాకను తెలిపింది. తరువాత మెకానిక్కు వచ్చి చూస్తే రేడియో వెనుక ఒక తీగ వదులై ఉన్నది!

ఆ రోజు ఆమెను కాపాడినది ధైర్యం ఒక్కటే కాదు. అదృష్టం అసలే కాదు. తాను ఏమి చేస్తుందని ఇతరులు అనుకుంటారో సరిగ్గా అదే చేయడం ఆమెను కాపాడింది. ఆ పెద్ద విమానంలోని వారినీ కాపాడింది. మాటకైనా, సంకేతానికైనా అర్థాన్ని ఇచ్చేది ఇద్దరి మధ్య ముందుగా కుదిరిన ఒప్పందమే. ఆ ఒప్పందాన్ని అవసరం రాకముందే నేర్చుకొని ఉండాలి. ఆకాశంలో మాట ఆగిపోయాక నేర్చుకోవడానికి వ్యవధి ఉండదు.

అర్థాలు

చోదకుడు = నడిపేవాడు
నిర్మలం = మబ్బులు లేనిది, స్వచ్ఛమైనది
పరధ్యానం = మనసు వేరొక దానిపై ఉండడం
అనువైన = తగిన
నిర్ణీతం = ముందుగా నిర్ణయించినది
వ్యవధి = సమయం, గడువు

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.
1. రేడియో లేకున్నా 1932 నాటి విమాన ప్రయాణం ఎలా సాగింది? నేడు అది ఎందుకు కష్టం?
2. "ముందు విమానం నడుపమ్మా" అని శిక్షకుడు ఎందుకు చెప్పాడు? మయామీ దుర్ఘటన ఆధారంగా వివరించండి.
3. బ్యాటరీ చచ్చిపోయినా చిన్న విమానం ఇంజను ఎందుకు ఆగదు?
4. ఎరుపు వెలుగును చూసి కూడా ఆ యువతి దిగి ఉంటే ఏమి జరిగేది?

ఆ. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
విమానాశ్రయం, అత్యవసరం

ఇ. సొంత వాక్యాలలో ప్రయోగించండి.
గుండె ఝల్లుమను, గండం గడుచు, అడ్డు తగులు

ఈ. మీ ఊరిలో మాట లేకుండా సంకేతాలతోనే సాగే పనులను గమనించండి. రైల్వే గార్డు, ట్రాఫిక్ పోలీసు, పడవ నడిపేవారు వాడే సంకేతాలను అడిగి తెలుసుకొని, ఒక పట్టికగా రాయండి.