అంకుర సంస్థల వాటాలు: చిన్న మదుపుదారు చూసుకోవలసిన లెక్క

యార్డుకు వచ్చిన మిర్చి టిక్కీకి ఏదో ఒక ధర పలుకుతుంది. ధర దిగవచ్చు గాని కొనేవాడే లేకపోవడం అరుదు. స్టార్టప్‌లుగా వ్యవహరిస్తున్న అంకుర సంస్థల వాటాలకు అటువంటి యార్డు లేదు. సరుకు మీద తిరగవలసిన డబ్బులోంచి లక్షో, రెండు లక్షలో తీసి ఈ వాటాలలో పెట్టిన వర్తకుడికి సీజనులో అవసరం వస్తే ఆ సొమ్ము చేతికి రాదు. కనుక చట్టం ఏమంటున్నదో, లెక్క ఎలా తేలుతుందో ముందే తెలుసుకోవడం మేలు.

ఎవరు కొనవచ్చు?

అమెరికాలో 2012 నాటి జాబ్స్ చట్టాన్ని అనుసరించి 2016 మే నుంచి సామాన్యులు సైతం రిజిస్టరయిన వేదికల ద్వారా కొత్త కంపెనీలలో చిన్న మొత్తాలు మదుపు చేస్తున్నారు. మన దేశంలో అటువంటి ఏర్పాటు లేదు. సెబీ 2014 జూన్‌లో ఈ విషయమై చర్చాపత్రం వెలువరించింది గాని అది నిబంధనల రూపం దాల్చలేదు. పైగా 2016 ఆగస్టులో, అనుమతి లేని వేదికల విషయంలో జాగ్రత్త వహించాలని మదుపుదారులను హెచ్చరించింది.

ఫండ్ల దారి చిన్న మదుపుదారుకు అందేది కాదు. ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధులలో సాధారణంగా కనీస మదుపు కోటి రూపాయలు. ఏంజెల్ ఫండ్లను అక్రెడిటెడ్ మదుపుదారులకే పరిమితం చేస్తూ సెబీ 2025 సెప్టెంబరులో నిబంధనలు సవరించింది. ఏటా 2 కోట్ల ఆదాయమో, 7.5 కోట్ల నికర ఆస్తో చూపగలిగితేనే వ్యక్తులకు సాధారణంగా ఆ హోదా లభిస్తుంది. ఆ ఆస్తిలో కనీసం సగం ఆర్థిక ఆస్తులై ఉండాలి.

ఇక మిగిలింది ప్రైవేటు కంపెనీ నేరుగా తనకు తెలిసినవారికి వాటాలు కేటాయించే పద్ధతి. లక్ష రూపాయలవారు సాధారణంగా ప్రవేశించేది ఈ దారినే.

చట్టం చెప్పేది

2013 నాటి కంపెనీల చట్టం 42వ సెక్షను, దాని కింద చేసిన నిబంధనల ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి ఈ ఆఫరు ఇవ్వరాదు. అర్హత గల సంస్థాగత మదుపుదారులు, పథకం కింద వాటాలు పొందే ఉద్యోగులు ఈ లెక్కలోకి రారు. ఆఫరు పత్రం మదుపుదారు పేరిట, వరుస సంఖ్యతో రావాలి. సొమ్ము చెక్కు, డ్రాఫ్టు లేదా బ్యాంకు ద్వారానే చెల్లించాలి. నగదు చెల్లదు. డబ్బు ముట్టిన 60 రోజులలో వాటాలు కేటాయించాలి. లేనిపక్షంలో మరి 15 రోజులలో వాపసు చేయాలి. అదీ జరగకపోతే 60వ రోజు నుంచి 12 శాతం వడ్డీ చెల్లించాలి.

దళారీలు ప్రత్యేకంగా గమనించవలసింది ఒకటున్నది. ఇటువంటి ఆఫరును ప్రకటనల ద్వారా గాని, ఏజెంట్ల ద్వారా గాని ప్రజలకు తెలియజేయరాదని అదే సెక్షను స్పష్టం చేస్తున్నది. కమీషను కోసం పదిమందికీ చెప్పి వాటాలు కట్టించడం సరుకు దళారీ వంటిది కాదు.

కాగితం ధర, చేతికొచ్చే ధర

ఉదాహరణకు 5 కోట్లుగా విలువ కట్టిన కంపెనీలో ఒక వర్తకుడు లక్ష పెట్టాడనుకుందాం. అతని వాటా 0.2 శాతం. తరువాత ఒక పెద్ద ఫండు 6 కోట్లు పెట్టి 20 శాతం తీసుకున్నది. అప్పుడు కంపెనీ విలువ 30 కోట్లు. వర్తకుని వాటా 0.16 శాతానికి తగ్గినా కాగితం మీద 4 లక్షల 80 వేలు కనిపిస్తుంది.

రెండేళ్లకు వ్యాపారం మందగించి కంపెనీని 10 కోట్లకు అమ్మివేశారనుకుందాం. వాటాల ప్రకారమైతే అతనికి లక్షా 60 వేలు రావాలి. అయితే పెద్ద ఫండ్లు సాధారణంగా ప్రిఫరెన్సు వాటాలు తీసుకుని, తమ అసలు ముందుగా రావాలని ఒప్పందం రాయించుకుంటాయి. ఆ 6 కోట్లు పోగా మిగిలిన 4 కోట్లు మిగతావారు పంచుకోవాలి. వారిలో వర్తకుని భాగం 500లో ఒకటి. చేతికొచ్చేది 80 వేలు. 4 లక్షల 80 వేలన్నది ఎవరూ అతనికి ఇస్తామన్న ధర కాదు.

కంపెనీ దివాలా తీసి లిక్విడేషనుకు వెళితే ఇంకా కష్టం. 2016 నాటి దివాలా చట్టం 53వ సెక్షను ప్రకారం ఖర్చులు, కార్మికుల బకాయిలు, బ్యాంకులు, ప్రభుత్వం, ఇతర రుణదాతలు, ప్రిఫరెన్సు వాటాదారులు అందరికీ చెల్లించిన పిమ్మటే ఈక్విటీ వాటాదారుని వంతు.

ముందే చూసుకోవలసినవి

ప్రైవేటు కంపెనీ వాటాల బదిలీపై ఆంక్షలు ఉంటాయి. కొనేవాడు దొరికినా డైరెక్టర్ల అనుమతి కావలసి రావచ్చు. కాబట్టి కంపెనీ నియమావళిలో బదిలీ షరతులు, పెద్ద మదుపుదారులతో ఉన్న ఒప్పందంలో సొమ్ము పంపకం వరుస డబ్బు కట్టకముందే చదివించుకోవాలి. ఆ పత్రాలు చూపని కంపెనీలో మదుపు చేయకపోవడమే మంచిది.

పన్ను విషయమూ ఉన్నది. 24 నెలలకు పైబడి ఉంచుకున్న అన్‌లిస్టెడ్ వాటాలపై వచ్చిన లాభానికి 12.5 శాతం పన్ను. వాటిపై వచ్చిన నష్టాన్ని వ్యాపార లాభంలో తగ్గించుకోవడానికి వీలులేదు. దీర్ఘకాలిక మూలధన లాభాలలోనే, 8 ఏళ్లలోపు సర్దుకోవాలి.

ఇన్ని చూసుకున్న తరువాత కూడా మదుపు చేయదలచినవారు కొనుగోళ్లకు, కోల్డు స్టోరేజి అద్దెకు, బ్యాంకు బాకీకి కావలసిన సొమ్మును విడిగా ఉంచి, పూర్తిగా పోయినా దుకాణం నడకకు ఆటంకం కలగనంత మొత్తమే పెట్టాలి. దానినైనా ఒకే కంపెనీలో పెట్టక, నాలుగైదింటికి పంచి, ఏళ్ల తరబడి తిరిగి రాదన్న లెక్కతోనే ఖాతాలో రాసుకోవాలి.