బిగిసిన ఆయిలు ప్లగ్గును ఊడదీయు విధము

ట్రాక్టరు గల రైతులు ఇంజను నూనెను గడువు తప్పక మార్చవలయునని ఎఱుగుదురు. అయినను ఆయిలు చాంబరు అడుగున నుండు ప్లగ్గు బిగిసి ఊడనందున ఆ పని ఒక్కొక్కప్పుడు వాయిదా పడుచుండును. ప్లగ్గు వెల స్వల్పము. చాంబరు వెల అధికము. పాడైన నూనెతో నడచి చెడిన ఇంజనును బాగుచేయించు ఖర్చు అంతకంటెను అధికము. కావున ప్లగ్గు చెడినను చెడవచ్చును గాని చాంబరు మర చెడరాదు. ఈ ఒక్క మాట మనసున నిలుపుకొని పని మొదలిడవలయునని సభ్యులకు మా మనవి.

బిగియుటకు కారణము

తుప్పు వలననే ప్లగ్గు పట్టివేయునని పలువురు తలంతురు. ప్లగ్గు మర నిత్యము నూనెతో తడిసియుండును గనుక లోపల తుప్పు పట్టుట అరుదు. క్రిందటి మారు పానాకు గొట్టము తొడిగి మితిమీరి బిగించుటయు, నలిగిన పాత వాషరునే మరల వేయుటయు ముఖ్య కారణములు. ప్లగ్గు తల వాషరును అదిమి పట్టియుండును. అందువలన మొదటి కదలికయే కష్టము. పావు చుట్టు తిరిగిన పిమ్మట సాధారణముగా వ్రేళ్లతోనే ఊడివచ్చును. తల చుట్టును తుప్పు కానవచ్చినచో తుప్పు వదల్చు నూనె రాచి కొంతసేపు నాననిచ్చుట మంచిది. లేనిచో దానివలన ఫలము స్వల్పము.

ముందు జాగ్రత్తలు

బండిని చదునైన నేలపై నిలిపి, బ్రేకు వేసి, తాళపుచెవి తీసి, చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టవలయును. జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద దూరరాదు. ట్రాక్టరు అడుగున ఇంజనుకు, గేరుపెట్టెకు, హైడ్రాలిక్కుకు వేర్వేరు ప్లగ్గులుండవచ్చును. యంత్రముతో వచ్చిన పుస్తకము చూచి ఏది ఏదియో గుర్తింపవలయును. గేరుపెట్టె నూనె తీయునపుడు మొదట నూనె పోయు రంధ్రపు ప్లగ్గును వదులు చేసి చూడవలయును. అది ఊడకుండ క్రిందిది ఊడినచో నూనె అంతయు కారిపోయి, మరల పోయుటకు దారి లేక బండి నిలిచిపోవును.

ఇంజనును కొద్ది నిమిషములు నడిపి ఆపినచో నూనె వెచ్చబడి పలుచనగును. మిక్కిలి కాగిన నూనె చేతిపై పడినచో కాలును గనుక గోరువెచ్చగా నున్నపుడే పని చేయవలయును. అల్యూమినియము చాంబరైనచో ఈ వెచ్చదనము మరియొక విధముగ తోడ్పడును. ఆ లోహము వేడికి ఇనుముకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించి ప్లగ్గుపై పట్టును కొంత సడలించును. అయితే దాని మర మెత్తన గనుక బలప్రయోగము తగదు.

తల చెడకముందు

తలకు ఎదురుగా చూచినపుడు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో త్రిప్పవలయును. పైనుండి చేయి చాచి త్రిప్పువారు దిక్కు తప్పి మరింత బిగించుట కలదు. నోరు తెఱచియుండు పానా రెండు ముఖములనే పట్టి మూలలను అరగదీయును. 12 మూలల రింగుకంటె 6 మూలల సాకెట్టు శ్రేష్ఠము. తలపై మట్టిని తీగ బ్రష్షుతో తుడిచి, సాకెట్టును పూర్తిగ లోనికి దిగునట్లు తొడుగవలయును. అంతకుముందు తల నడుమ సుత్తితో రెండు మూడు దెబ్బలు తిన్నగ, మితముగ వేసినచో వాషరు పట్టు విడును. అల్యూమినియము చాంబరుపై ఈ దెబ్బలు మరింత మెల్లగ పడవలయును. పిమ్మట పానా పిడిని ఒక చేత నిలిపి రెండవ చేత చుఱుకుగ తట్టుడు. నిలకడగ గుంజుటకంటె ఇట్టి కుదుపునకే మొదటి కదలిక సులభముగ వచ్చును.

తల గుండ్రమైనచో

మొదట, ఒక కొలత తక్కువ సాకెట్టును సుత్తితో కొట్టి ఎక్కింపవచ్చును. 19 మిల్లీమీటర్ల తల అరిగినచో 18 మిల్లీమీటర్లది పట్టవచ్చును. అది కుదురనిచో, ఆకురాయితో ఎదురెదురు ముఖములను రెంటిని చదును చేసి, పైపు రెంచితో గాని బిగించి పట్టు పటకారుతో గాని త్రిప్పవలయును. కడపట, తల అంచున ఉలితో గాడి కొట్టి, ఆ గాడిలో ఉలిని ఏటవాలుగ నిలిపి ఊడు దిశలో కొట్టవలయును. కంటికి అద్దములు లేక ఈ పని చేయరాదు. తలపై నట్టును వెల్డింగు చేయించుట కూడ కలదు. నూనెయు నూనె ఆవిరియు గల చాంబరుపై నిప్పు ప్రమాదకరము గనుక అది ఇంటివద్ద చేయదగినది కాదు.

ప్లగ్గు ఊరక తిరుగుచు వెలికి రానిచో మర తెగినదని అర్థము. తలకును చాంబరుకును నడుమ చదునైన ఇనుపముక్క నుంచి, మెల్లగ వెలికి ఒత్తుచు త్రిప్పిన వచ్చును. పిమ్మట లేతు పని ఎఱిగినవారిచే కొంచెము పెద్ద మర కోయించుటయో, తీగచుట్ట మర వేయించుటయో చేయవలయును. కోయునపుడు ట్యాపుకు గ్రీజు పూసినచో ఇనుపపొడి చాలవఱకు దానికంటుకొనును. మిగిలినదానిని కొంచెము నూనె పోసి కడిగివేయవలయును. అంతదాక పని ఆగకుండుటకు డిప్‌స్టిక్కు రంధ్రమునుండి చేతిపంపుతో నూనెను పీల్చి మార్చవచ్చును. అడుగు మడ్డి మిగులును గనుక ఇది తాత్కాలికోపాయమే.

మరల బిగించుట

కొత్త వాషరు వేసి, మొదటి చుట్లన్నియు వ్రేళ్లతోనే ఎక్కింపవలయును. వ్రేళ్లకు సాగనిచో మర అడ్డముగ పడినదని గ్రహించి వెనుకకు త్రిప్పవలయును. పుస్తకమునందలి కొలత ప్రకారము టార్కు రెంచితో బిగించుట ఉత్తమము. అది లేనిచో పొట్టి పానాతో వాషరు అదుమువఱకు బిగించి చాలింపవలయును, గొట్టము తొడుగరాదు. నూనె పోసి ఇంజను నడిపి కారుట లేదని చూడవలయును.

తీసిన నూనెను కాలువలో గాని చేలో గాని పోయరాదు. 2016 నాటి నిబంధనలు దానిని ప్రమాదకర వ్యర్థముగ పరిగణించినవి. మూతగల డబ్బాలో ఉంచి పాత నూనెను తీసికొనువారికి అప్పగింపవలయును.

ఇంటింట ఈ పనిముట్లన్నియు కొనుట అనవసర వ్యయము. 6 మూలల సాకెట్ల పెట్టె, టార్కు రెంచి, నూనె పీల్చు చేతిపంపు ఒక్కొక్కటి సంఘమున ఉంచి, పుస్తకములో వ్రాసికొని సభ్యులకు ఇచ్చుచున్నయెడల అందఱికిని ఉపకరించును. దుక్కుల అదను రాకమునుపే ప్రతి సభ్యుడును తన బండి ప్లగ్గును ఒకసారి పరీక్షించుకొనుట మేలు. అదనులో పోయిన దినము మరల రాదు.