కణం ఫొటోలో ఆ ఆకుపచ్చ ఎక్కడిది?

పిల్లల పుస్తకాల్లో ఆకుపచ్చ దారాలు అల్లుకున్న కణం ఫొటో చూసే ఉంటారు. ఆ రంగు కణానిది కాదు. కణం ఆకారాన్ని నిలబెట్టే యాక్టిన్ దారం మందం సుమారు 7 నానోమీటర్లే; మామూలు మైక్రోస్కోపుకు అందదు. అందుకని యాక్టిన్‌నే పట్టుకునే యాంటీబాడీని (కోవిడ్ రోజుల్లో విన్న మాటే) కణంలోకి పంపుతారు. దానికి అంటుకునే రెండో యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి ఉంటుంది. నీలికాంతి పడగానే ఆకుపచ్చగా వెలుగుతుంది. కండరాలు కాని కణాల్లోనూ యాక్టిన్ కట్టలున్నాయని 1974లో లజారిడెస్, వెబర్ ఇలాగే చూపించారు.

అయితే మెరిసిందల్లా యాక్టిన్ కాదు. అందుకే మొదటి యాంటీబాడీ వేయకుండా ఇంకో స్లైడు చేస్తారు. అదీ అలాగే మెరిస్తే మొదటి ఫొటోను నమ్మరు. మీ పిల్లలు ఇలాంటి ఫొటో చూపిస్తే, “మరి రెండో స్లైడు ఏది?” అని అడగండి.