శరీరములోని ముల్లు

చదువవలసిన వాక్యభాగములు: 2 కొరింథీ 12:7-10, యోహాను 9:1-3



నడుమునొప్పియో మోకాళ్లనొప్పియో లేని యిల్లు మన సంఘములలో అరుదు. వంగి నాట్లు వేసి, కలుపు తీసి, మోపులు మోసిన శరీరములు గదా. కొందరికి ఆ నొప్పి వారములో తగ్గును. మరికొందరిని నెలలు, సంవత్సరములు విడువదు. ఈ రెండవవారిని గూర్చి ఈ నెల ధ్యానింతము. ఏలయనగా వారియెడల మనము తరచుగా తప్పు చేయుచున్నాము.

మా సంఘములో ఒక తల్లి ఏండ్ల తరబడి నడుమునొప్పితో బాధపడుచుండెను. ఆమె కొరకు ఉపవాసముండి ప్రార్థించితిమి. నొప్పి తగ్గలేదు. అప్పుడు మాలో కొందరము, విశ్వాసము చాలలేదనియు, దాచిన పాపమేదో యుండవచ్చుననియు ఆమె వినుచుండగానే అంటిమి. ఆమె ఆరాధనకు వచ్చుట మానివేసెను. యోబు స్నేహితులు పలికినది ఇంతకంటె వేరు కాదు. పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ తలంపునే త్రోసివేసెను గదా.

పౌలు ముమ్మారు వేడుకొనెను. ఆ ముల్లు కంటిజబ్బని కొందరు, మరొకటని కొందరు ఊహించిరి. వాక్యము చెప్పలేదు గనుక మనమును విడిచిపెట్టుదము. ముల్లు పోలేదు, కృప దొరికెను. పౌలుకు విశ్వాసము చాలలేదని మనలో ఎవరు అనగలరు?

అసలు నొప్పి దేవుడు పెట్టిన కావలి. తమిళ దేశములోని కొల్లి కొండలలో 1914లో మిషనెరీల యింట పుట్టిన డాక్టరు పాల్ బ్రాండు గారు వేలూరులో కుష్ఠురోగులకు చికిత్స చేయుచు ఈ సంగతిని చూపిరి. వారి వ్రేళ్లు పాడగుట చాలమట్టుకు నొప్పి తెలియనందుననే. కాలినను తెగినను వారికి తెలియదు.

అయితే మూడు నెలలు దాటిన నొప్పి సంగతి వేరు. దొంగ వెళ్లిపోయిన తరువాతను ఆకు కదలినప్పుడెల్ల మొరుగు కుక్కవలె, గాయము మానినను నరములును మెదడును అపాయమని కేకవేయుచునే యుండవచ్చును. అది నటన కాదు, నిజమైన నొప్పియే. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022లో అమలులోనికి తెచ్చిన రోగముల పట్టికలో దానికి ప్రత్యేక స్థానమిచ్చిరి. చింత, నిద్రలేమి, ఒంటరితనము దానిని పెంచును. ఆ తల్లిని ఒంటరి చేసినది మేమే.

ఇట్టి నొప్పిగలవారు మంచము పట్టుట మేలనుకొందురు. అట్లు కాదు, కదలనికొలది కండరములు సడలి నొప్పి హెచ్చును. ఈ వారము వీధి చివరకు, వచ్చే వారము కాలువగట్టు వరకు నడువవలెను. బాగున్న దినమున పనియంతయు ఒక్కసారే చేసి మూడు దినములు పడియుండుట మనవారి అలవాటు. దాని బదులు కొంచెము పని, కొంచెము విశ్రాంతి. నొప్పి లేచిన తరువాత కాదు, లేవకముందే కూర్చుండవలెను. వేడి కాపడము కొందరికి హాయినిచ్చును.

మందు వాడుట అవిశ్వాసము కాదు. హిజ్కియా పుండునకు అంజూరపు పండ్ల ముద్ద కట్టుమని చెప్పినవాడు ప్రవక్తయైన యెషయాయే. కాని అంగడిలో కొనిన నొప్పి బిళ్లలు వైద్యుని అడుగక దినదినము మ్రింగినయెడల కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. పేరులేని పొట్లములలో స్టెరాయిడు మందు కలిసియుండవచ్చును. అది మొదట హాయి, పిమ్మట ఎముకలను గుల్లచేయును. నడుమునొప్పితో కాళ్లు చచ్చుబడినను, మలమూత్రములు స్వాధీనము తప్పినను ఆ పూటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. జ్వరము గాని, కారణము లేకుండ చిక్కిపోవుట గాని యున్నను ఆలస్యము చేయరాదు.

మేము ఆ తల్లి యింటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఆమె చాలసేపు ఏమియు అనలేదు. తుదకు, చాపమీద కూర్చుండలేనని మాత్రము చెప్పెను. ఇన్నాళ్లు ప్రార్థించిన మాకు ఆ సంగతి తోచనేలేదు. ఇప్పుడు గుడిలో గోడ ప్రక్కన నాలుగు కుర్చీలు వేసితిమి. ఆమె ప్రసంగము సగము కూర్చుండి, సగము నిలువబడి వినుచున్నది.